భుజం మీద నాలుగు వేళ్ళు

అసలు ఈ మెట్లు కట్టినవాడెవడో గానీ, వాడికి జన్మలో ఒక్కసారి కూడా మోకాళ్ళ నొప్పి వచ్చి ఉండదండీ. మొదటి మెట్టు మోకాలెత్తు, రెండోది బెత్తెడు, మూడోది ఉందో లేదో తెలీదు. కింద బోర్డు మీద ‘కుట్టుపని, పైన’ అని బాణం గుర్తు వేయించారు. బాగానే ఉంది. మధ్యలో ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవాలో కూడా ఒక గుర్తు వేయించాల్సింది.

ఈ స్టూలు మీద కూర్చోవచ్చా? ఉండండి, మీరు లేవకండి, ఈ దారపు రీళ్ళు నేనే పక్కకి పెడతాను.

ప్యాంటు తెచ్చానండీ. పొడుగు తగ్గించాలి. కొన్నప్పుడు సరిగ్గానే ఉండేది. ప్యాంటు పెరగదు కదా, నేనే తగ్గుతున్నాను. మా ఆవిడ రోజూ అదే మాట. “అన్నిట్లోనూ తగ్గావు, ఒక్క నోట్లో తప్ప” అంటుంది.

ఎంతా? సరిగ్గా రెండంగుళాలు. టేపు అక్కర్లేదు, కంటితో చూసి చెప్పేస్తాను. ముప్ఫై నాలుగేళ్ళుగా నేను చేస్తున్న పనే అది. పాత ఫోటోలు చూడ్డం, అందులో ఉన్న వస్తువు ఎంత పొడుగు, ఎంత వెడల్పు, దాని పేరేమిటి, దేనికి పనికొస్తుంది, ఇవన్నీ చెప్పడం. అందుకే మా ఆఫీసులో నన్ను భూతద్దంగారు అంటారు. ఎదురుగా ఉంటే ‘గారు’ ఉంటుంది. వెనకాల ఉండదు.

ఏమన్నారు, మూడున్నరా? మళ్ళీ కొలవండి. సరే, మూడున్నరే. చూశారా, ఇలాంటి లెక్కలకి నాకు ఇన్నాళ్ళూ జీతమిచ్చారు.

ఏ ఆఫీసంటే... మ్యూజియమండీ. యుద్ధం మ్యూజియం. ఆ, నది ఒడ్డున ఉన్నదే.

మిషను ఆపేశారే.

అవునమ్మా, ఆ మ్యూజియమే. మీరు రాసిన ఏడు ఉత్తరాలూ వచ్చింది అక్కడికే. వాటికి జవాబులు వచ్చాయి చూశారూ, కింద పాకుతున్న జెర్రిలాంటి సంతకంతో? ఆ సంతకం నాదే. ప్యాంటు ఒక వంక. పొడుగు ఎక్కువైన మాట నిజమే, కానీ దానికోసమైతే మా వీధిలోనే ఇద్దరు టైలర్లున్నారు. రెండు బస్సులు మారి ఇంత దూరం రానక్కర్లేదు.

లెమ్మంటే లేచి వెళ్ళిపోతాను.

అనట్లేదు. మళ్ళీ మిషను తొక్కుతున్నారు. సరే, తొక్కుతూనే వినండి. నాకూ అదే మేలు. మీరు నా మొహంలోకి చూడకపోతేనే నాకు నోరు పెగులుతుంది.

ముందు నా విద్య ఏమిటో చెప్తాను. సైన్యంలో ఇంజనీర్ల దళమని ఒకటుంటుంది. మీకు నేను చెప్పేదేముంది, మీ నాన్నగారూ ఆ దళమేగా. వంతెన కట్టేదీ వాళ్ళే, అవతలివాళ్ళు దాటి రాకుండా దాన్ని కూల్చేదీ వాళ్ళే. ఆ కూల్చే సామాను ఉంటుంది కదా, మందు పలకలు, ఫ్యూజు తాడు, తీగ చుట్టలు, దూరాన్నుంచి పిడి తిప్పితే మందు పేలే పెట్టె, ఇవి పాత ఫోటోల్లో ఏ మూల కాస్త కనబడినా గుర్తుపట్టి చెప్తాను. ఈ పని తెలిసినవాడు మా చుట్టుపక్కల ఇంకొకడు లేడు. అందుకని నేను చెప్పిందల్లా చెల్లింది. ఎవరూ ఆడని ఆటలో నేనే మొదటివాణ్ణి.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. ఒకసారి ఎవరో సైన్యం వంటశాల ఫోటో పంపితే, అందులో మూకుణ్ణి ‘మూత తీసిన మందుపాతర’ అని రాశాను. పక్కనే వంటవాడు గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. గరిటె నాకు కనబడలేదు. మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్తుంది, “పోయినేడు కొన్న చీరని పెళ్ళినాటి చీర అంటాడమ్మా, అరవై ఏళ్ళ కిందటి మరమేకుకి మాత్రం జాతకం చెప్తాడు” అని.

ఇక ఆ ఫోటో. రెండో హాల్లో కుడి గోడ మీద. ఇరవై ఏళ్ళ కిందట గోడంత పెద్దది చేయించి పెట్టాం. మీరు వచ్చి చూశాకే కదా మొదటి ఉత్తరం రాశారు. ఏటి ఒడ్డు, వెనకాల వంతెన, ముందు ఒక సైనికుడు గొంతుక్కూర్చుని ఉంటాడు. ఒళ్ళో చెక్కపెట్టె, పెట్టె మీద పిడి, పెట్టెలోంచి ఒక తీగ ఏటివైపు పోతుంది. కింద నేను రాసిన మాట ఉంటుంది. ‘పేల్చే పెట్టెతో సైనిక ఇంజనీరు. మర్నాడు ఉదయం ఈ వంతెనను కూల్చినది ఈయనే.’ పక్కన పేరు కూడా.

మీరు ఎంతో మర్యాదగా రాశారు. ‘అయ్యా, ఆ వంతెన పేల్చింది మా నాన్నగారు. మొదటిసారి మందు పేలకపోతే తీగ సరిచేయడానికి వెనక్కి వెళ్ళి, దగ్గర్నుంచే పేల్చి, అక్కడే పోయారు. దళం నుంచి మా అమ్మకి వచ్చిన ఉత్తరంలో అలా ఉండేది. ఆ ఉత్తరం వరదలో పోయింది. అమ్మకి ఎనభై రెండేళ్ళు. ఆ గోడ మీద ఆయన పేరు చూడాలని ఆశ పడుతోంది.’ నాకింకా మాటకి మాట గుర్తుంది.

దానికి నేనేం రాశానో మీకూ గుర్తుండే ఉంటుంది. ‘కుటుంబ జ్ఞాపకాలు ఆధారాలు కావు’ అన్నాను. దానికింద పెట్టె కొలతలు రాశాను. తండ్రి పోయిన సంగతి చెప్పుకున్న మనిషికి పెట్టె కొలతలు పంపినవాణ్ణి నేను. రెండో ఉత్తరానికి పిడి గురించి ఒక పేజీ. మూడోదానికి నేను రాసిన పుస్తకమే పంపాను, మొదటి పేజీలో సంతకం పెట్టి మరీ. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అంటారు కదా. నేను ఆ నాలుగో కాలు ఎవరికీ కనబడకుండా దాని మీద ఎక్కి కూర్చున్నాను.

నెమ్మదిగా తొక్కుతున్నారు. వింటున్నారన్నమాట.

ఇప్పుడు వినండి తమాషా. ఆ ఫోటోలో పెట్టె పట్టుకున్నాయన ఎవరో కాదండీ, మా నాన్న.

నా సంతకంలో ఇంటిపేరు చూసైనా మీకు అనుమానం రావాల్సింది. రాలేదంటే అది మీ తప్పు కాదు, నా చేతిరాత చలవ. ఫోటో మా ఇంట్లోదే. నేనే తెచ్చి మ్యూజియానికిచ్చాను, నేనే పరీక్ష చేశాను, నేనే గోడకెక్కించాను. అర్జీ నాదే, విచారణా నాదే, తీర్పూ నాదే. అప్పీలు మాత్రం మీది.

మా నాన్న ఏనాడూ వంతెన పేల్చానని చెప్పలేదు. అడిగితే, “నేను నీళ్ళు పరీక్ష చేసేవాణ్ణిరా” అనేవాడు. దళం ఎక్కడ దిగితే అక్కడ బావినీళ్ళు, ఏటినీళ్ళు తాగొచ్చా, ఎవరైనా విషం కలిపారా, చూసి చెప్పడం. అదీ ఆ దళం పనే. దానికీ ఒక చెక్కపెట్టె ఉంటుంది, లోపల చిన్న చిన్న సీసాలూ కప్పులూ. ఆయన అంత తేటగా చెప్తుంటే నేను నమ్మానా? ఎంత వినయమో అనుకున్నాను. గొప్పవాళ్ళు తమ గొప్ప తాము చెప్పుకోరని బళ్ళో వ్యాసం రాశాను. ప్రైజు కూడా వచ్చింది.

ఆయన బతికున్నన్నాళ్ళూ గ్లాసెడు నీళ్ళు ఊరికే తాగలేదండీ. వెలుతురుకి ఎత్తి చూసేవాడు, వాసన చూసేవాడు, నాలిక మీద ఒక చుక్క వేసుకుని కాసేపు ఆగేవాడు. ఎవరింటికి వెళ్ళినా అంతే. మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది. ఫోటోలో మేకు తలకాయ చూసి ఏ ఫ్యాక్టరీదో చెప్పగలిగే నాకు, రోజూ ఎదురుగా కూర్చుని గ్లాసు వాసన చూస్తున్న మనిషి యుద్ధంలో ఏం పని చేశాడో తట్టలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. వాళ్ళు నయం, వెతికారు. నేను చంకలో పిల్లని చూపించినా పిల్ల కాదన్నాను.

అప్పుడు మీ నాలుగో ఉత్తరం వచ్చింది. దాంతో ఒక ఫోటో. అమ్మగారి ట్రంకుపెట్టె అడుగున దొరికిందని రాశారు. అదే ఫోటో. అదే ఏరు, అదే వంతెన, అదే మా నాన్న. కాకపోతే మా దగ్గరున్నది తెగిన ముక్క, మీరు పంపింది మొత్తం ఫోటో.

మొదట కుడిపక్క చూశాను. మా నాన్న పెట్టెలోంచి ఏటివైపు పోయిన తీగ ఉంది కదా, అది తీగ కాదండీ. తాడు. చివర చిన్న డబ్బా కట్టి ఉంది, నీళ్ళు ముంచడానికి. ఆ తాడు గురించి నా పుస్తకంలో పేజీన్నర ఉంది. ‘రెండు తీగలు ఒకే తొడుగులో ఇమిడిన అరుదైన రకం’ అని. అరుదైన రకమే మరి, ఇంకెక్కడా దొరకదు. పిడి కూడా పిడి కాదు. సీసా మూతి మీద అడ్డంగా పెట్టిన గాజుపుల్ల, నీళ్ళ పరీక్ష మందు కలిపేది.

తర్వాత ఎడమపక్క చూశాను. మీ నాన్నగారు ఉన్నారు. ఒంటి మోకాలి మీద కూర్చుని, పన్ను మీద పన్ను కనబడేట్టు నవ్వుతున్నారు. మా నాన్న భుజం మీద చెయ్యేసి ఉన్నారు. కాళ్ళ దగ్గర గోనెపట్టా కప్పిన పెట్టె, ఒక మూల బయటికి కనబడుతోంది, దాని మీద రెండు ఇత్తడి మరలు, పేల్చే తీగలు బిగించేవి. నడుముకి బెల్టులో దోపుకున్న పిడి.

ఆ పిడి చూశాక ఇంక వాదించడానికేం మిగల్లేదు. ఎందుకంటే ఆ నియమం పుస్తకంలో రాసింది నేనే, నలభై ఒకటో పేజీ. పేల్చే పెట్టెకి పిడి ఎప్పుడూ తగిలించి ఉంచరు. ఎవడో తెలియక తిప్పితే వంతెన కింద మందు కడుతున్న మనవాళ్ళే పోతారు. అందుకని పిడి ఊడదీసి, పేల్చబోయే మనిషి తన ఒంటిమీదే దాచుకుంటాడు. పిడి ఎవరి దగ్గరుంటే పేల్చేది వాళ్ళే. అదే పుస్తకంలో అరవయ్యో పేజీలో మా నాన్న పెట్టెకి పిడి తగిలించి ఉందని నేనే రాశాను. పుస్తకం వచ్చి పన్నెండేళ్ళయింది, ఈ తప్పు ఎవరూ పట్టుకోలేదు. చదివితే కదా పట్టుకునేది.

ఇంకొకటుంది. గోడ మీది ఫోటోలో మా నాన్న భుజం మీద నాలుగు వేళ్ళుంటాయి. మీరు గమనించారో లేదో. వేళ్ళే, మనిషి ఉండడు. ఆ ఫోటోలో ప్రతి మరకీ, ప్రతి కట్టుకీ నేను పేరు పెట్టాను. ఆ వేళ్ళెవరివని మాత్రం ఇరవై ఏళ్ళలో ఒక్కసారి అడగలేదు. నేను సామాను గుర్తుపట్టేవాణ్ణి కదా. వేళ్ళు సామాను కాదు.

మనిషేమయ్యాడంటారా? నేనే కత్తిరించాను. నాకప్పుడు పదకొండేళ్ళు. ఇంట్లో ఖాళీ ఫ్రేము ఒకటి ఉంటే, నాన్న ఫోటో పెడదామని సరదా పడ్డాను. ఫోటో పట్టలేదు. ఇదిగో, మీ చేతిలో ఉన్నదానిలాంటి కత్తెరే, అటూ ఇటూ కోసేశాను. ఎవరో నవ్వుతున్నాయన కిందపడ్డాడు. సాయంత్రం నాన్న వచ్చి ఫ్రేము చూశాడు. చెత్తబుట్ట బోర్లించి, నేలమీద కూర్చుని, చాలాసేపు వెతికాడు. నేను ఆ ముక్కలు అప్పటికే పొయ్యిలో వేసేశాను. అంతసేపు ఏం వెతుకుతున్నాడో నాకర్థం కాలేదు. మీరు పంపిన ఫోటో చేతిలో పట్టుకున్నాక అర్థమైంది. నలభై ఏడేళ్ళు పట్టింది. నిదానమే ప్రధానం అన్నారు కదా పెద్దలు.

ఆపేశారు. పర్లేదు, ఆపండి. నేనే అటు తిరిగి కూర్చుంటాను.

ఇప్పుడెందుకొచ్చానో చెప్పాలి. ఈ నెలాఖరుకి నేను రిటైరవుతున్నాను. పోయిన వారం మా పెద్దాఫీసరుగారికి ఆ ఫోటో చూపించి, పొరపాటు జరిగిందని చెప్పాను. ఆయన మంచివాడు, మరీ మంచివాడు. వెంటనే మార్చేద్దాం అన్నాడు. మొత్తం ఫోటోకి నకలు తీయించాం, దాన్నే గోడంత చేయించి పెడతారు. మీ నాన్నగారి పేరు, ఆయన తీగ సరిచేయడానికి వెనక్కి వెళ్ళిన సంగతి, అన్నీ కింద రాస్తారు. ఇదిగో కాగితం. పేరు మీ ఉత్తరంలో ఉన్నట్టే రాయించాను, ఒకసారి సరిచూడండి.

చదవండి, చదవండి. కళ్ళజోడు అక్కడ సుద్దముక్కల డబ్బాలో ఉంది.

కింద ఫోటో ఇచ్చినవారి సంతకం కావాలి. పక్కన ఫోటో మాకు అందిన తేదీ వేయాలి. చూడండి, తేదీ దగ్గర ఖాళీగా ఉంది. పైన ‘ఇటీవల అందిన ఫోటో ఆధారంగా’ అని ఉంది, కనబడిందా? ఆ ‘ఇటీవల’ అన్న మాట నేను వేయించిందే. ఫోటో పోయిన వారమే వచ్చిందని ఆఫీసరుగారితో చెప్పాను. మీరు ఆ దగ్గర్లో ఏదో ఒక తేదీ వేస్తే సరిపోతుంది. కొత్త ఆధారం రాగానే సొంత తండ్రి పేరే గోడ మీంచి తీయించిన మహానుభావుడు అంటారు నన్ను. నా వీడ్కోలు సభలో ఆ మాట అనడానికి ఇద్దరు ఇప్పటికే ఉపన్యాసాలు రాసుకున్నారు. ఒకటి నేనే దిద్దిపెట్టాను.

నేను ఈ మెట్లెక్కింది ఆ సంతకం కోసమేనండీ. సంతకం తీసుకుని, అయ్యో అమ్మగారు పోయారట కదా అని ఒక మాట అనేసి, దిగిపోదామనుకున్నాను. మీరు నన్ను నాలుగు తిట్టి ఉంటే అదే చేసేవాణ్ణి. తిట్టలేదు. మీ పాటికి మీరు కుట్టుకుంటూ కూర్చున్నారు. ఇప్పుడు ఏం చెప్పమంటారు నన్ను?

ఫోటో వచ్చింది రెండేళ్ళ కిందటమ్మా. మీకు తెలుసు, పంపింది మీరేగా. మీకు తెలియంది ఒక్కటే. కవరు విప్పిన ఐదు నిమిషాల్లో నాకు మొత్తం తెలిసిపోయింది. ఆ రోజే మీకు జవాబు రాశాను, ‘మీరు పంపిన ఫోటో పరిశీలనలో ఉంది’ అని.

ఐదో ఉత్తరంలో మీరు రాశారు, ఆయన ఫోటో మా దగ్గర ఇంకొకటి లేదు, అమ్మ రోజూ అడుగుతోంది, తొందరగా పంపండి అని. పరిశీలనలో ఉందన్నాను. ఆరో ఉత్తరంలో, అమ్మ మంచం పట్టింది, గోడ మీద పేరు సంగతి వదిలేయండి, ఫోటో ఒక్కటి పంపితే చాలు, ఒకసారి చూపిస్తాను అని రాశారు. పరిశీలనలో ఉందన్నాను.

పరిశీలనా లేదు, పాడూ లేదు. నా బల్ల సొరుగులో ఉంది. పంపితే మీరు ఇంకెవరికైనా చూపిస్తారని భయం. పరువు పోతుందని భయం. రిటైరయ్యాక పంపిద్దాంలే అనుకున్నాను. మంచం పట్టిన మనిషి నా రిటైర్మెంటు దాకా ఆగుతుందని లెక్క వేసుకున్నాను.

ఏడో ఉత్తరంలో రెండే ముక్కలు రాశారు. ‘అమ్మ పోయింది. ఇక తొందర లేదు, మీ పరిశీలన పూర్తయ్యాకే పంపండి.’

అది చదివి ఏడ్చాననుకుంటున్నారేమో. నేను అంత మంచివాణ్ణి కాదండీ. ఒంటిగంట అయింది, క్యారేజీ విప్పుకుని తిన్నాను. రోజూ తినేంతా తిన్నాను.

ఇదిగో ఫోటో. మీరు పంపిన కవర్లోనే ఉంది, మడత పడలేదు. కవరు మీద పోస్టాఫీసు ముద్ర ఉంది, అందులో తేదీ బాగానే కనబడుతోంది. కాగితం మీద అదే తేదీ వేయండి. బస్సులో నేనే వేద్దామని పెన్ను తీశాను, చెయ్యి ఆడలేదు. ఇదిగో పెన్ను. చూశారా, ఇప్పుడు కూడా నేను చేయాల్సిన పని మీ చేతే చేయిస్తున్నాను.